ఏజెన్సీలో కొలువు

గడచిన క్రిస్మసు సెలవులకు ముందు మా పూర్వవిద్యార్థిని యొకతెయొక్క అవ్వ మాకు బజారులో నెదురుపడి, "మాస్టారూ, మా పిల్లకు ఏజెన్సీలో ఉద్యోగమైనదండీ" అని కన్నులు తుడుచుకొనెను. ఏజెన్సీ యనగానే మన ప్రాంతములవారికి తోచునది పాడేరు, రంపచోడవరము మొదలగు మన్యపు కొండలును, సంతలును, చలిజ్వరమును గదా. మేమును అట్లే తలచి, "దిగులుపడకండమ్మా, ఇప్పుడక్కడికి మంచి రోడ్లున్నవి, ఆసుపత్రులున్నవి. దోమతెర యొకటి కొని యిచ్చి పంపండి" అని యోదార్చితిమి. సెలవులలో ఆ పిల్ల మమ్ము చూడవచ్చి పకపక నవ్వి, "మాస్టారూ, నేనున్నది మన్యములో కాదండీ, హైదరాబాదులో. అది పబ్లిక్ రిలేషన్సు ఏజెన్సీ. అవ్వ మాత్రము మీ మాట విని దోమతెర కొననే కొన్నది" అని చెప్పెను.

నవ్వు ముగిసిన పిమ్మట ఆ పని యెట్టిదని యడిగి, రెండు గంటలసేపు వింటిమి. ఈ యేడు పైతరగతులలోని బాలబాలికలు కొందరు తామును అట్టి పనికే పోగోరుచున్నామని మాతో చెప్పియున్నారు. తలిదండ్రులలో పలువురకు అది యేమి పనియో తెలియదు. కావున దానినిగూర్చి మాకు తెలిసినదియు, మా యభిప్రాయమును ఈ సంచికలో వ్రాయుట యుక్తమని తోచినది.

మొదట ఆ వృత్తి యేమో తెలిసికొందము. వ్యాపారి తన సరకునుగూర్చి పత్రికలో స్థలము కొని వేయించుకొనునది ప్రకటన. అది కొన్న మాట యని చదువరికి తెలియును. ఆ వ్యాపారినిగూర్చియే విలేఖరి తనంతట తాను వ్రాసినట్లు వార్త వచ్చెనా, దాని విలువ వేరు. తన్ను తాను పొగడుకొనుటకును, పొరుగువాడు పొగడుటకును గల భేదమిది. ఆ పొరుగువాని మాట పుట్టునట్లు చూచుటయే ఈ ఏజెన్సీల వృత్తి. ప్రభుత్వములో సమాచార పౌరసంబంధాల శాఖ యున్నది. జిల్లాలలో దాని అధికారులున్నారు. చలనచిత్రములకు పీ.ఆర్.ఓ. అనువాని పేరు తెరమీద చూచుచునే యున్నాము. ఏజెన్సీ యననో, నెలకింత యని రుసుము పుచ్చుకొని, అనేక కంపెనీలకు, ఆసుపత్రులకు, కళాశాలలకు ఈ పని చేసిపెట్టు సంస్థ.

ఇక ఆమె దినచర్య. ఉదయము ఆరింటికే లేచి తెలుగు, ఆంగ్ల, హిందీ పత్రికలన్నియు తిరుగవేసి, క్లయింటు పేరును, వాని పోటీదారుల పేర్లును ఎక్కడెక్కడ వచ్చినవో యేర్చి, తొమ్మిది గంటలలోగా వారికి పంపవలెను. పూర్వము కత్తెరతో కత్తిరించి కాగితములకు అంటించువారట. నేడదంతయు కంప్యూటరు తెరమీదనే జరుగుచున్నను "క్లిప్పింగు" అను పాత పేరు నిలిచియున్నది. అటుపిమ్మట పత్రికాప్రకటన వ్రాయవలెను. ఆమె వ్రాసినదానికి క్లయింటు మేనేజరు "అగ్రగామి" అను మాట చేర్చును. ఆయన పైయధికారి "ప్రపంచస్థాయి" అను మాట చేర్చును. తుదకు వారి న్యాయవాది చూచి, అందున్న ఒక్క సంగతిని కాస్త తీసివేయును. ఏడెనిమిది మారులు తిరిగి వ్రాసిన తరువాత అది విలేఖరులకు పోవును. వెంటనే ఫోనులు. విలేఖరులు "ఇందులో వార్త యేమున్నదమ్మా?" అని యడుగుదురట. మొదట ఆ ప్రశ్నకు ఏడుపు వచ్చెడిదనియు, తరువాత ఆ ప్రశ్నయే తనకు మంచి గురువైనదనియు ఆమె చెప్పినది. క్లయింటు గదిలోనే ఆ ప్రశ్న తానే ముందు అడుగుట నేర్చుకొన్నదట.

సాయంకాలము ఏ క్లయింటుకై యెన్ని గంటలు వెచ్చించినదో పట్టికలో నింపవలెను. నెల ముగియగానే, వచ్చిన వార్తలన్నిటిని పుస్తకముగా కూర్చి, అంత స్థలము ప్రకటనగా కొనినచో నెంత సొమ్మగునో లెక్కకట్టి చూపుట యొక వాడుక. 2010లో ఈ వృత్తికి సంబంధించినవారే బార్సిలోనా నగరమున కూడి, ఆ లెక్క తమ పనికి విలువ కాదని తీర్మానించిరి. ఐనను క్లయింట్లు అడుగుచునే యున్నారట. వీరు ఇచ్చుచునే యున్నారట. ఇవికాక, క్లయింటుకు ఏదేని ఆపద వచ్చిన రాత్రి నిద్ర యుండదు. మొదటి యేండ్లలో జీతమును గొప్పది కాదు.

ఐతే లాభములు లేకపోలేదు. ఒకే వారములో సిమెంటునుగూర్చి, కంటి శస్త్రచికిత్సనుగూర్చి, విత్తనములనుగూర్చి చదువవలసి వచ్చును. పెద్దలయెదుట మాటలాడు ధైర్యము కలుగును. చిక్కని విషయమును పది పంక్తులలో చెప్పుట యలవడును. మా తరగతిలో వ్యాసము వ్రాయుమనిన బల్లక్రింద దాగిన పిల్ల నేడు ఇట్లు మాటలాడుచుండగా మాకు సంతోషమే కలిగినది.

ఈ వృత్తి చరిత్ర చిన్నదైనను, తెలిసికొనదగినది. 1900లో అమెరికాలోని బోస్టను నగరమున పబ్లిసిటీ బ్యూరో అను సంస్థ యేర్పడినది; ఇట్టివానిలో అదియే మొదటిదందురు. తరువాత పేరుపడినవాడు ఐవీ లీ. ఈయన 1877లో జార్జియా రాష్ట్రమున ఒక మెథడిస్టు బోధకుని కుమారుడుగా జన్మించి, కొంతకాలము పత్రికా విలేఖరియై, ఈ పనిలో ప్రవేశించెను. 1906లో ఆయన పత్రికలవారికి తన నియమములను వ్రాసి పంపెను. మా పని రహస్యము కాదు, బహిరంగముగా చేయుదుము. మేమిచ్చు సంగతులు సరియైనవి. సందేహమున్నచో సరిచూచుకొనుటకు మేమే తోడ్పడుదుము అనునది వాని సారాంశము. ఆ సంవత్సరమే అక్టోబరు 28వ తేదీన అట్లాంటిక్ సిటీయొద్ద పెన్సిల్వేనియా రైల్వేవారి బండి వంతెనపైనుండి నీటిలో పడి ఏబదిమందికి పైగా మరణించిరి. అట్టి ప్రమాదములను మరుగుపరచుట ఆనాటి కంపెనీల మర్యాద. లీ యన్ననో, సంగతులను వ్రాయించి పత్రికలకు పంపించెను. నేటి పత్రికాప్రకటనకు అదియే మూలమని చెప్పుదురు. ఇంతవరకు చదివినవారు ఈ వృత్తి సత్యమునకు సేవయని తలంతురు. అది నిజమే.

కాని అదే మనిషి కథలో ఎనిమిదేండ్ల తరువాతి భాగమును చదువవలెను. 1914 ఏప్రిలు 20వ తేదీన కొలొరాడో రాష్ట్రమున లడ్లో అనుచోట సమ్మెచేయుచున్న బొగ్గుగని కార్మికుల గుడారములమీద సాయుధులు విరుచుకుపడిరి. గుడారము క్రింది గుంటలో దాగిన ఇద్దరు స్త్రీలును పదునొకండుగురు పిల్లలును మరణించిరి. ఆ గనులలో ముఖ్య భాగస్థులైన రాక్‌ఫెల్లరు కుటుంబమువారు లీని నియమించుకొనిరి. ఆయన ప్రచురించిన కరపత్రములలో సమ్మెనాయకుల జీతములనుగూర్చి తప్పు లెక్కలుండెను. విచారణసంఘము ప్రశ్నింపగా, కంపెనీవారిచ్చినదానినే ప్రచురించితిననియు, నిజమో కాదో తాను సరిచూడలేదనియు ఒప్పుకొనెను. "సరిచూచుకొనుటకు మేమే తోడ్పడుదుము" అను నియమము ఏమైనది? నియమము కాగితముమీద నుండెను. రుసుము చేతిలో నుండెను.

మరి రెండు ఉదాహరణములు చాలును. 1929లో ఈస్టరునాడు న్యూయార్కు వీథిలో కొందరు యువతులు సిగరెట్లు వెలిగించి నడచిరి. స్త్రీ స్వాతంత్ర్యమునకు చిహ్నమని పత్రికలు వ్రాసినవి. దాని వెనుక సిగరెట్టు కంపెనీయొకటి కలదనియు, ఆ యేర్పాటంతయు వారు నియమించుకొనిన ఎడ్వర్డు బెర్నేసు చేసినదనియు చదువరులకు ఎవ్వరు చెప్పిరి? అదే బెర్నేసు ముసలితనమున పొగత్రాగుటకు వ్యతిరేకముగా పనిచేసెను. 1953 డిసెంబరులో, పొగాకు కాన్సరునకు కారణమను పరిశోధనలు వెలువడగా, సిగరెట్టు కంపెనీల అధిపతులు హిల్ అండ్ నోల్టన్ అను ప్రసిద్ధ ఏజెన్సీ సలహా గొనిరి. 1954 జనవరి 4వ తేదీన నాలుగువందలకు పైగా పత్రికలలో వారి ప్రకటన వచ్చెను. ప్రజల ఆరోగ్యమే మాకు ముఖ్యము, పరిశోధనకు తోడ్పడుదుము అని యందుండెను. ఆ మాటలు వినసొంపుగనే యున్నవి. ఆ కంపెనీలు దశాబ్దములతరబడి ప్రజలను మోసగించినవని 2006లో వాషింగ్టనులోని న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ నడిమి యేబదియేండ్లలో నమ్మి త్రాగినవారికి ఆ తీర్పు ఏమి ప్రయోజనము?

మంచి ఉదాహరణమును ఒకటి చెప్పుట న్యాయము. 1982లో చికాగో ప్రాంతమున ఎవడో దుర్మార్గుడు టైలెనాల్ అను తలనొప్పి మాత్రలలో విషము కలుపగా ఏడుగురు చనిపోయిరి. ఆ మందు చేయు జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీవారు, తప్పు తమది కాకపోయినను, దుకాణములనుండి సుమారు మూడుకోట్ల పదిలక్షల సీసాలను వెనుకకు తెప్పించిరి. పత్రికలవారికి దాపరికము లేక సంగతులు చెప్పిరి. తరువాత ఎవరైన తెరచినచో తెలియునట్టి క్రొత్త మూతలు పెట్టిరి. జనుల నమ్మకము తిరిగి వచ్చెను. ఈ వృత్తివారు నేటికిని దానిని పాఠముగా చెప్పుకొందురు. కాని గమనింపుడు: అచ్చట మొదట జరిగినది పని, పిమ్మట వచ్చినది మాట. సీసాలు వెనుకకు రాకయే చక్కని ప్రకటన వచ్చియున్నచో ఎవరు నమ్మియుందురు?

మన దేశమునందును ఈ వృత్తివారు 1958లో పబ్లిక్ రిలేషన్సు సొసైటీ ఆఫ్ ఇండియా అను సంఘముగా నేర్పడి, 1968 ఏప్రిలు 21వ తేదీన ఢిల్లీ మహాసభలో నీతినియమావళిని స్వీకరించిరి. మరియొక సంగతి మన యింటి ముంగిటిదే. 2009 ఎన్నికల సమయమున ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రములలో అభ్యర్థుల సొమ్ము పుచ్చుకొని వారి పొగడ్తలను వార్తలుగా అచ్చువేసిరని ఆరోపణలు రాగా, ప్రెస్ కౌన్సిలువారు ఇద్దరు సభ్యుల ఉపసంఘమును నియమించిరి. అందొకరు తెలుగు పత్రికారచయిత. వారి నివేదిక 2010లో సిద్ధమైనది. అది పత్రికల దోషమేకాని ఏజెన్సీల పని కాదు, నిజమే. ఐనను కొన్న మాటను కొనని మాటయని నమ్మిన చదువరికి నష్టము ఒక్కటియే.

ఇప్పుడు మా విద్యార్థిని మమ్ము అసలు ఎందుకు చూడవచ్చినదో చెప్పెదము. ఆమెకు అప్పగింపబడిన క్లయింట్లలో ఒక కర్మాగారము కలదు. దాని నీరు కలిసి తమ బావులు చెడిపోయినవని సమీప గ్రామస్థులు కలెక్టరుగారికి అర్జీ పెట్టుకొనిరి. ఆ వారమే కర్మాగారమువారు వేయి మొక్కలు నాటు ఉత్సవము జరిపిరి. ఉత్సవమునుగూర్చి ప్రకటన వ్రాయుట ఈమె పని. అర్జీనిగూర్చి వ్రాయబోవు విలేఖరితో మంచిగా మాటలాడి చల్లబరచుటయు ఈమె పనియే. రెండును చేసినది. మొక్కల వార్త బొమ్మతో వచ్చినది. బావుల వార్త రాలేదు. ఆ గ్రామము ఆమె మేనత్తగారి యూరికి రెండు మైళ్లు. "నేను అబద్ధము వ్రాయలేదు మాస్టారూ. మొక్కలు నిజముగా నాటినారు. నేనే లెక్కపెట్టినాను. మరి నాకెందుకు నిద్ర పట్టుట లేదండీ? ఈ పని మానవలెనా?" అని యడిగెను.

ఉపాధ్యాయుడు ఇట్టి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పవలెనని జనులు తలంతురు. మేము చెప్పలేకపోతిమి. ఏలయన, మాకొక పాత సంగతి జ్ఞాపకము వచ్చెను. పదునైదేండ్ల క్రిందట మేము వేరొక పాఠశాలలో పనిచేయుచుంటిమి. పదవ తరగతి ఫలితములు రాగానే పత్రికలకు వార్త వ్రాయు పని మా కప్పగించిరి. "నూటికి నూరుపాళ్లు ఉత్తీర్ణత" అని శీర్షిక పెట్టి వ్రాసితిమి. అది అబద్ధము కాదు. పాఠశాల పక్షమున పరీక్ష వ్రాసినవారందరును ఉత్తీర్ణులైరి. కాని తప్పుదురేమోయని భయపడి ఆరుగురు పిల్లలను ముందే ప్రైవేటుగా కట్టుకొమ్మని పంపివేసిన సంగతిని మేము వ్రాయలేదు. మూడవనాడు ఒక తండ్రి, కూలిపనినుండి తిన్నగా వచ్చినవాడు, పత్రికను మడతపెట్టి చేత పట్టుకొని, "అయ్యా, మావాడు ఈ లెక్కలో లేడాండీ?" అని మాత్రమడిగెను. కోపపడలేదు. మా వ్రాతలో ఒక్క యక్షరము తప్పు లేదు. ఆయనకు చెప్పుటకు మాయొద్ద ఒక్క మాటయు లేకపోయెను. ఏ ఏజెన్సీలోను పనిచేయకయే మేమును ఆ పని చేసినవారమే.

ఈ సంగతినే మా విద్యార్థినికి చెప్పితిమి. పిమ్మట మా తాతగారినిగూర్చియు చెప్పితిమి. ఆయన తన యూరిలో చాటింపు వేయువారు. తప్పెట మూడు మారులు కొట్టి, "మునసబుగారి మాట!" అని మొదలుపెట్టి, ఆ తరువాతనే చెరువు గండి సంగతియో, శిస్తు వాయిదా సంగతియో చెప్పెడివారట. ఆ మాట ఊరివారికి నచ్చనప్పుడు ఎవరును తాతగారిమీదికి రాలేదు. మునసబుగారి అరుగువద్దకు పోయి అడిగిరి. ఎందుకన, గొంతు తాతగారిదైనను మాట యెవరిదో అందరికి తెలియును. ఆ పనికి ఆయనకు దక్కినది కొద్దిపాటి గింజలు, గౌరవము దక్కలేదు. మనుమలము చదువుకొని కుర్చీలలో కూర్చుంటిమి. ఐనను, మాట యెవరిదో ముందుగా చెప్పవలెనను ఆయన మర్యాదను మనము పోగొట్టుకొనరాదు. ఏజెన్సీవాని తప్పెట కనబడదు. అది విలేఖరి చేతిలో మ్రోగును. దోషమంతయు అచ్చటనే మొదలగునని మా యభిప్రాయము.

కొందరు మాతో వాదింపవచ్చును: న్యాయవాదియు రుసుము పుచ్చుకొని ఒకని పక్షమున మాటలాడుట లేదా? మాటలాడును. కాని న్యాయస్థానములో అతడెవరి వకీలో అందరికి తెలియును. ఎదుటిపక్షమువానికి మాటలాడు హక్కు కలదు. రెండును విని తీర్పుచెప్పుటకు న్యాయాధిపతి కలడు. పత్రిక చదువరియెదుట ఎదుటిపక్షము లేకపోవచ్చును. బావులు చెడిన గ్రామస్థులకు ఏజెన్సీ యెక్కడిది? మరికొందరు, ఇది జీవనోపాధి, ఇంత విచారణ యేల యందురు. కష్టపడి కుటుంబమును పోషించువారిని మేము తక్కువచేయము. ఆ పిల్ల జీతముతోనే ఆమె తమ్ముడు నేడు చదువుకొనుచున్నాడు. అందుచేతనే ఆమె ప్రశ్న బరువైనది.

కావున ఆ పనికి పోవలదని మేము చెప్పము. మంచి పనులు అనేకము ఎవరికిని తెలియక మూలబడుచున్నవి. వానిని తెలియజేయువారు కావలెను. ఆపదలో నున్న సంస్థకు "దాచకుము, ముందు తప్పు దిద్దుకొనుము" అని చెప్పగల సలహాదారు దేశమునకు ఉపకారి. పోవువారు మూడు ప్రశ్నలను వెంట తీసికొనిపోవలెను. ఈ మాట యెవరిదో బాహాటముగ చెప్పగలనా? నేను విడిచిపెట్టిన సంగతి తెలిసినచో చదువరి నన్ను మోసగాడనునా? ఈ క్లయింటుతో "ఇది వ్రాయను" అని చెప్పు దినము వచ్చినచో చెప్పగలనా? మూడవదానికి జవాబు కొలువులో చేరకముందే ఆలోచించుకొనవలెను. ఇంటి అద్దె కట్టవలసిన నాటి రాత్రి దానిని ఆలోచించుట మిక్కిలి కష్టము.

తలిదండ్రులకు మా విన్నపము: పిల్లవాడు "ఇది వ్రాయలేక ఉద్యోగములో వెనుకబడితిని" అని యింటికి వచ్చిన దినమున, వాని జీతమునుగూర్చి మొదట అడుగకుడు. ఉపాధ్యాయులమైన మాకు మేము చెప్పుకొనునది: వార్షిక నివేదికలు వ్రాయునప్పుడు తప్పినవారి సంఖ్యను తప్పక వ్రాయుదము. వ్యాసములలో "ఏమి వ్రాసితివి" అని మాత్రమే గాక "ఏమి విడిచితివి" అనియు పిల్లలను అడుగుదము.

ఆ పిల్ల ఉద్యోగము మానలేదు. తిరిగి ఆ కర్మాగారపు పని వచ్చినప్పుడు, అర్జీ సంగతియు, దానికి కర్మాగారమువారి జవాబును ప్రకటనలో చేర్చినచో వ్రాసెదననియు, లేనిచో మరియొకరికి ఇమ్మనియు తన పైయధికారితో చెప్పినదట. ఆయన కోపపడలేదు. పని మరియొకరికి ఇచ్చిరి. ఆ యేడు ఆమెకు జీతము పెరుగలేదు. ఇప్పుడొక కుట్టుమిషన్ల కంపెనీ పని చూచుచున్నది. బావుల సంగతి ఇంకను తేలలేదు. నిద్ర పట్టుచున్నదా యని ఫోనులో అడిగితిమి. "పట్టుచున్నదండీ మాస్టారూ, అవ్వ ఇచ్చిన దోమతెర కట్టుకొని పడుకొనుచున్నాను" అని నవ్వినది.